అనంతపురం ఎండలో యూవీ సెన్సార్ మధ్యాహ్నం ఎందుకు తగ్గి చూపిస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. అనంతపురంలో మీ కాలేజీ మిద్దె మీద ఎంఎల్ 8511 అనే చిన్న యూవీ సెన్సార్ పెట్టారు. పైన పలుచని టెఫ్లాన్ షీటు, చుట్టూ ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు, కింద రీడింగులు తీసుకునే ఆర్డుయినో బోర్డు. ఏప్రిల్ చివర్లో మబ్బు లేని రోజున ఉదయం 10:20కి వచ్చిన విలువ కంటే మధ్యాహ్నం 2:20కి దాదాపు పది శాతం తక్కువ వస్తోంది. రాత్రి కూడా సున్నా రావడం లేదు. వేడికి సెన్సార్ పాడైందా, వెదర్ స్టేషన్ ఉష్ణోగ్రత తీసుకుని ఒక సవరణ పెడితే సరిపోతుందా, లేక ఖరీదైన పరికరం కొనాలా అని అడిగారు.

సెన్సార్ పాడైపోలేదనుకుంటున్నాను. వేడి ప్రభావం ఉంది, కానీ ఆ పది శాతాన్నీ వేడి ఖాతాలో వేయడానికి ఇప్పుడే ఒప్పుకోను. వెదర్ స్టేషన్ ఉష్ణోగ్రతతో సవరణ మాత్రం అసలు పెట్టకండి. ఎందుకో చెప్తాను. రేడియేషన్ పరికరాల కాలిబ్రేషన్, మెయింటెనెన్స్ చాలాకాలంగా నా పని. వాతావరణ కేంద్రాల్లోనూ సోలార్ ప్లాంట్లలోనూ ఇదే గొడవ మళ్ళీ మళ్ళీ చూశాను.

వేడి దగ్గరికి వెళ్ళే ముందు రెండు చిన్న విషయాలు తేల్చుకోవాలి. మొదటిది మీరు పోల్చిన సమయాలు. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అనంతపురం ఉన్నది 77.6 దగ్గర. అంటే సూర్యుడు మనకు నడినెత్తికి వచ్చేది గడియారం 12 కొట్టిన సుమారు 20 నిమిషాల తర్వాత. దీనికి తోడు ఏడాది పొడవునా ఆ సమయం కొంచెం అటూ ఇటూ జరుగుతుంది: నవంబరు మొదట్లో 12:03, ఫిబ్రవరి మధ్యలో 12:34, ఏప్రిల్ చివర్లో 12:17 లేదా 12:18. కాబట్టి మీ 10:20కి సరైన జత 2:20 కాదు, 2:15. ఐదు నిమిషాలేగా అనిపిస్తుంది. కానీ ఆ వేళ సూర్యుడు దిగే వేగానికి సెన్సార్ మీద పడే యూవీ ఒకటిన్నర శాతం పైనే తగ్గుతుంది. మీ 10:20, 2:20ల నడుమ పడే ఇదే 12:20 లెక్కను ఫిబ్రవరిలో వాడితే తేడా చాలా పెద్దదవుతుంది. అప్పుడు మీ పోలికకే అర్థం ఉండదు.

రెండోది మట్టం. మిద్దె స్లాబు నీళ్ళు పోవడానికి వాలుగా పోస్తారు, దానిమీద పెట్టిన పెట్టె కూడా వాలుగానే ఉంటుంది. సెన్సార్ రెండు డిగ్రీలు తూర్పుకు ఒరిగితే, సూర్యుడు నడినెత్తి నుంచి 30 డిగ్రీలు దిగి ఉన్నప్పుడు నేరుగా పడే కిరణాలు ఉదయం రెండు శాతం ఎక్కువ, మధ్యాహ్నం రెండు శాతం తక్కువ కనిపిస్తాయి. యూవీలో దాదాపు సగం ఆకాశం నుంచి చెదిరి వచ్చేదే కాబట్టి ప్రభావం అందులో సగం దాకా తగ్గుతుంది, అయినా ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య రెండు శాతం తేడా మిగులుతుంది. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి పెట్టె మీద కాకుండా టెఫ్లాన్ ముఖం మీదే పెట్టి చూడండి. పెట్టె మట్టంగా ఉన్నా లోపల సెన్సార్ బోర్డు వంకరగా అతికి ఉండొచ్చు.

మధ్యాహ్నానికి గాలిలో దుమ్ము లేవడం కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఆకాశం ఉదయం ఉన్నంత శుభ్రంగా రెండు గంటలకు ఉండదు. పక్కనే మామూలు సోలార్ రేడియేషన్ మీటరు ఏదైనా ఉంటే, దానిలోనూ ఉదయం, మధ్యాహ్నం విలువలు పోల్చండి. దానిలో కూడా రెండు మూడు శాతం తగ్గుదల ఉంటే అది ఆకాశంలో తేడా, మీ సెన్సార్‌ది కాదు.

ఇవన్నీ తీసేశాక మిగిలేది వేడి. నా అంచనా ప్రకారం నాలుగైదు శాతం మిగలవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. సెన్సార్‌కు తెలిసే ఉష్ణోగ్రత దాని ఒంటిది, గాలిది కాదు. మీ వెదర్ స్టేషన్ నీడలో, గాలి ఆడే తెల్ల పెట్టెలో 40 డిగ్రీలు చూపిస్తుంటే, ఎండలో మూసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా లోపల 60 దాటడం మామూలే. పైగా ఈ రెంటి మధ్య తేడా స్థిరంగా ఉండదు. గాలి వీస్తే తగ్గుతుంది, ఆగితే పెరుగుతుంది. ఉదయం పదికి డబ్బా ఇంకా అంతగా కాగి ఉండదు, మధ్యాహ్నం రెండుకు కింద స్లాబు కూడా కాగి కింది నుంచి సెగ కొడుతుంది. గాలి ఉష్ణోగ్రతతో సవరణ పెడితే మీరు సరిచేసేది ఒకటి, తప్పు ఉన్నది ఇంకొకచోట. కాబట్టి మొదటి ఖర్చు ఇదే: ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సార్, ఒక డీఎస్ 18బి20 లేదా థర్మిస్టర్ కొని, సెన్సార్ బోర్డు వెనక్కి అతికించి, యూవీ రీడింగుతో పాటు దాని ఉష్ణోగ్రత కూడా ప్రతిసారీ రికార్డు చేయండి. వంద రెండొందల రూపాయల పని. ఇది లేని యూవీ డేటాను అనంతపురం లాంటి ఊళ్ళో నేను నమ్మను.

వేడి ఒక్కచోట దెబ్బ తీయదు. మూడు వేర్వేరు చోట్ల తీస్తుంది, మూడింటికీ మందు వేరు. అందుకే “టెంపరేచర్ కోఎఫిషియెంట్ ఎంత?” (అంటే డిగ్రీకి ఎంత శాతం మారుతుంది) అన్న ఒక్క ప్రశ్నకు ఒక్క అంకె చెప్పి ఊరుకోలేను.

మొదటి చోటు సున్నా. ఎంఎల్ 8511 చీకట్లో సున్నా వోల్టులు ఇవ్వదు, సుమారు 1 వోల్టు ఇస్తుంది. దాని తయారీయే అంత. 25 డిగ్రీల దగ్గర, చదరపు సెంటీమీటరుకు 15 మిల్లీవాట్ల యూవీ పడితే 2.8 వోల్టుల దాకా పోతుంది. అంటే ఒక్కో మిల్లీవాటుకు 0.12 వోల్టు. మీ కోడ్‌లో 0.99 అనో 1.0 అనో స్థిరంగా తీసేసి ఉంటారు. కానీ ఒక్కో పీసుకు ఆ అంకె కొంచెం వేరు, ఉష్ణోగ్రతతో కూడా కదులుతుంది. దీనికి తోడు మీరు టెఫ్లాన్ కప్పారు. అది వెలుతురును బాగా తగ్గిస్తుంది, ఆ 1 వోల్టును మాత్రం తగ్గించదు. కాబట్టి సున్నాలో 15 మిల్లీవోల్టుల కదలిక, టెఫ్లాన్ లేనప్పుడు ఇంతకన్నా చిన్న తప్పే, ఇప్పుడు ఐదు శాతం తప్పుగా మారుతుంది.

ఇక్కడే ఆర్డుయినో కూడా నేరస్థుడు కావచ్చు. 5 వోల్టుల సప్లైనే రిఫరెన్సుగా (కొలతకు ప్రమాణంగా) పెట్టి కొలుస్తుంటే, ఆ సప్లై మొబైల్ ఛార్జర్ నుంచి వస్తుంటే, ఛార్జర్ వేడెక్కి వోల్టేజీ ఒక్క శాతం జారినా మీ 1.3 వోల్టులు 13 మిల్లీవోల్టులు జారినట్టు కనిపిస్తుంది. వోల్టేజీని అంకెగా మార్చే భాగం, అంటే దాని పది బిట్ల ఏడీసీలో ఒక్కో మెట్టే దాదాపు 5 మిల్లీవోల్టులు. సెన్సార్‌ను తిట్టే ముందు, సొంత రిఫరెన్సు ఉన్న 16 బిట్ల ఏడీఎస్ 1115 లాంటి చిన్న మాడ్యూల్ పెట్టండి. వేడి తప్పు అని వచ్చిన ఫిర్యాదుల్లో నేను చూసినవి చాలావరకు ఏడీసీ, సప్లైల దగ్గరే తేలాయి.

రెండో చోటు సెన్సిటివిటీ. అంతే వెలుతురుకు వేడి సెన్సార్ ఎంత కరెంటు ఇస్తుంది అన్నది. సిలికాన్ ఫోటోడయోడ్‌కు యూవీ ప్రాంతంలో ఇది చిన్నదే, సాధారణంగా డిగ్రీకి 0.1 శాతం లోపు. సిలికాన్ కార్బైడ్‌వి కూడా అలాంటివే. కానీ సెన్సార్ అంటే డయోడ్ ఒక్కటే కాదు. ముందున్న ఫిల్టరు, లోపలి యాంప్లిఫయర్, పైన వెలుతురును చెదరగొట్టే డిఫ్యూజర్ (మీ టెఫ్లాన్ అదే) అన్నీ కలిసి వచ్చే మొత్తం డిగ్రీకి 0.2, 0.3 శాతం దాకా పోవచ్చు. విడిగా చూస్తే అదేమంత అనిపించదు. ఉదయం 30 డిగ్రీల డబ్బా మధ్యాహ్నం 60 అయితే, 0.3 ఇంటూ 30, తొమ్మిది శాతం.

ఒక మాట ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఈ పొరపాటు తరచూ కనిపిస్తోంది. ఎన్‌పీ కుంట, గని-శకునాల సోలార్ పార్కుల పుణ్యమా అని ఇంజనీరింగ్ పిల్లలందరికీ “డిగ్రీకి మైనస్ 0.4 శాతం” అన్న అంకె నోటికి వచ్చు. అది సోలార్ ప్యానెల్ పవర్‌ది. అందులో తగ్గేది ముఖ్యంగా వోల్టేజీ. ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు అయితే వేడికి డిగ్రీకి 0.05 శాతం మేర పెరుగుతుంది కూడా. ఫోటోడయోడ్‌తో మనం కొలిచేది కరెంటును, కాబట్టి ఆ 0.4 మైనస్‌ను తెచ్చి యూవీ సెన్సార్‌కు పెట్టడం అంటే లేని రోగానికి మందు వేయడమే.

మూడో చోటు అన్నింటికన్నా చిక్కుది. యూవీ కొలతను మామూలు ఎండ కొలత నుంచి వేరు చేసేది కూడా ఇదే. ఉష్ణోగ్రత మారితే సెన్సార్ ఎంత స్పందిస్తుంది అన్నది మాత్రమే కాదు, ఏ తరంగదైర్ఘ్యానికి స్పందిస్తుంది అన్నది కూడా జరుగుతుంది.

సెమీకండక్టర్ వేడెక్కితే బ్యాండ్ గ్యాప్ (వెలుతురును పీల్చుకోవడానికి దానికి కావలసిన కనీస శక్తి) కొంచెం ఇరుకవుతుంది, దాని స్పందన అంచు పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. గ్యాలియం నైట్రైడ్ డయోడ్‌లో ఆ అంచు 365 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే సరిగ్గా మనం కొలిచే యూవీఏ (పొడవైన తరంగాల యూవీ) మధ్యలో. రంగు గాజు ఫిల్టర్ల అంచూ వేడికి అటే జరుగుతుంది. జరిగేది నానోమీటరులో కొద్ది భాగమే. కానీ నేల మీదికి వచ్చే సూర్యుడి యూవీ ఎలాంటిదో చూడండి: ఓజోన్ వల్ల 320 నానోమీటర్ల నుంచి 295కి వచ్చేలోపు అది వందల రెట్లు పడిపోతుంది. 500 నానోమీటర్ల దగ్గర అంచు అర నానోమీటరు జరిగితే ఎవరికీ తెలియదు. 300 దగ్గర 0.1 నానోమీటరు జరిగినా రెండు మూడు శాతం తేడా వస్తుంది.

యూవీ ఇండెక్స్ అనేది ఈ నిటారు వాలు మీదే నిలబడి ఉంది. చర్మం కమిలే ప్రభావాన్ని బట్టి ఒక్కో తరంగానికి ఒక్కో బరువు ఇచ్చి కూడితే వచ్చే విలువను చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లతో భాగిస్తే ఇండెక్స్ వస్తుంది. 298 నానోమీటర్ల దాకా ఆ బరువు 1, అక్కడి నుంచి 328కి చేరేసరికి 600 రెట్లకు పైగా తగ్గిపోతుంది. ఒకవైపు సూర్యకాంతి నిలువునా ఎక్కుతుంటే మరోవైపు బరువు నిలువునా దిగుతుంది. ఈ రెండు వాలుల మధ్య ఉన్న సన్నని సందులోని యూవీని సరిగ్గా పట్టాలి. సెన్సార్ అంచు అటూ ఇటూ కదిలితే ఎంత పెద్ద తప్పు వస్తుందో ఊహించండి. పైగా ఆ తప్పు సూర్యుడి ఎత్తును బట్టి, ఓజోన్‌ను బట్టి మారుతుంది. కాబట్టి ఇలాంటి పరికరానికి “డిగ్రీకి ఇంత శాతం” అని ఒకే అంకె ఉండదు. మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి మరొకటి.

దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ రాబర్ట్‌సన్-బెర్గర్ మీటరు. ఆస్ట్రేలియాకు చెందిన రాబర్ట్‌సన్, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీకి చెందిన బెర్గర్ పేర్ల మీద వచ్చిన పరికరం ఇది. లోపల మెగ్నీషియం టంగ్‌స్టేట్ అనే ఫాస్ఫర్ (యూవీని పీల్చి వెలిగే పదార్థం) ఉంటుంది. యూవీబీ (పొట్టి తరంగాల యూవీ) తగిలితే అది కంటికి కనిపించే వెలుగు ఇస్తుంది, ఆ వెలుగును కొలుస్తారు. స్పందన చర్మం కమిలే వక్రరేఖకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ ఆలోచన బాగా నిలబడింది. కానీ పాత మోడళ్ళలో ఉష్ణోగ్రత నియంత్రణ లేదు, వాటి రీడింగు డిగ్రీకి దాదాపు ఒక శాతం మారేది. వేడెక్కితే ఫాస్ఫర్ పొడవైన తరంగాలనూ కొంచెం కొంచెం పీల్చుకోవడం మొదలుపెడుతుంది, దానికి తోడు వెలుగునిచ్చే సామర్థ్యం కూడా మారుతుంది. అమెరికాలో 8 చోట్ల 1974 నుంచి 1985 వరకు ఈ మీటర్లు ఇచ్చిన లెక్కలను స్కాటో బృందం 1988లో ప్రచురించింది. ఓజోన్ తగ్గుతోందని ప్రపంచం ఆందోళన పడుతున్న కాలంలో ఆ మీటర్లు యూవీబీ తగ్గుతున్నట్టు చూపించాయి! దానిమీద పెద్ద చర్చే నడిచింది. నగరాల పొగ, మీటర్ల కాలిబ్రేషన్ నిలకడ, ఉష్ణోగ్రత అన్నీ ఆ చర్చలోకి వచ్చాయి. ఏడాదికి శాతంలో కొంత భాగం మార్పును వెతుకుతున్న చోట, డిగ్రీకి శాతం కదిలే పరికరం ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదు?

తర్వాత వచ్చిన మీటర్లలో అదే ఫాస్ఫర్‌ను ఒకే ఉష్ణోగ్రత దగ్గర పట్టి ఉంచడం మొదలైంది. కొన్ని 25 డిగ్రీల దగ్గర, కొన్ని 45 దగ్గర. దాని గురించి కింద చెప్తాను.

టెఫ్లాన్ గురించి వేరే చెప్పాలి, చాలామందికి ఇది తెలియదు. టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం 19 డిగ్రీల దగ్గర మారుతుంది. ఆ మార్పుతో పాటు అది వెలుతురును పంపే తీరు ఒక శాతం నుంచి మూడు శాతం దాకా ఒక్కసారిగా మారుతుంది. నెమ్మదిగా వంగే గీత కాదు, మెట్టు. ఏప్రిల్‌లో మీకు దీని బాధ లేదు, మీ డబ్బా ఎప్పుడూ 19కి పైనే ఉంటుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మాత్రం మన ఊళ్ళో 17, 18 దాకా పడుతుంది, ఎండెక్కాక ఆ మెట్టు దాటుతుంది. శీతాకాలంలో ఉదయం ఏ ఎనిమిదింటికో రీడింగు చిన్న గెంతు వేస్తే మబ్బని అనుకోకండి. ల్యాబులో ఏసీ 18కి పెట్టి కాలిబ్రేట్ చేసి, తెచ్చి బయట పెట్టినా ఇదే తేడా వస్తుంది.

ఇప్పుడు మీరు ప్రశ్నలో రాసిన ఆలోచన: నెల రోజుల డేటా తీసుకుని, యూవీకి ఉష్ణోగ్రతకు గ్రాఫ్ గీసి, ఆ వాలును సవరణగా పెట్టడం. వద్దు. యూవీ, ఉష్ణోగ్రత రెండూ ఎండతోనే పెరుగుతాయి, ఎండతోనే దిగుతాయి. ఆ గ్రాఫ్‌లో వచ్చే వాలులో నూటికి తొంభై పాళ్ళు సూర్యుడిది, సెన్సార్‌ది కాదు. దాన్ని తీసేస్తే నిజమైన యూవీ మార్పునే చెరిపేసినట్టు. ఉష్ణోగ్రత ప్రభావం తెలియాలంటే వెలుతురు కదలకుండా ఉండి ఉష్ణోగ్రత ఒక్కటే కదలాలి.

ల్యాబులో దీన్ని స్థిరమైన దీపంతో, వేడి చేసే పెట్టెతో చేస్తారు. యూవీ ఎల్‌ఈడీతో చేద్దామనుకుంటే, ఎల్‌ఈడీ వెలుగే వేడికి తగ్గుతుందని గుర్తుంచుకోండి, దాన్ని పెట్టె బయట స్థిరమైన చోట ఉంచాలి. దాని వైపు నేరుగా చూడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

కానీ మీకు ల్యాబు అక్కర్లేదు. మీరున్న చోటే దీనికి రెండు వరాలు ఉన్నాయి. అనంతపురం అక్షాంశం 14.7, కాబట్టి ఏప్రిల్ ఆఖరు రోజుల్లోనూ మళ్ళీ ఆగస్టు 13 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఆ రోజుల్లో నడిమధ్యాహ్నానికి అటు పది నిమిషాలు, ఇటు పది నిమిషాలు యూవీ అర శాతం కూడా మారదు. రెండోది, వేసవిలో మన గాలి పొడిగా ఉంటుంది. తడి గుడ్డ చుట్టితే కుండలో నీళ్ళు చల్లబడినట్టే డబ్బా చల్లబడుతుంది.

మబ్బు లేని రోజున 12:05 నుంచి మొదలుపెట్టండి. డబ్బా కాగి ఉన్నప్పుడు రీడింగు, ఒంటి ఉష్ణోగ్రత రాసుకోండి. వెంటనే నల్లటి, వెలుతురు చొరని మూత పెట్టి డార్క్ రీడింగు తీసుకోండి. ఇది ముఖ్యం. రాత్రి తీసుకున్న డార్క్ చల్లటి సెన్సార్‌ది, మధ్యాహ్నపు లెక్కకు పనికిరాదు. తర్వాత టెఫ్లాన్ ముఖానికి తగలకుండా డబ్బా చుట్టూ తడి గుడ్డ చుట్టి, ఒంటి ఉష్ణోగ్రత 15, 20 డిగ్రీలు దిగేదాకా ఆగండి. విసనకర్రతో విసిరితే ఇంకా త్వరగా దిగుతుంది. మళ్ళీ రీడింగు, మళ్ళీ డార్క్. అంతా 12:30 లోపు అయిపోవాలి. మంచు గడ్డలతో చల్లబరచాలని మాత్రం చూడకండి, లోపల తేమ పట్టి అది ఇంకో తప్పు తెచ్చిపెడుతుంది.

లెక్క ఎలాగో ఊహించిన అంకెలతో చూపిస్తాను. 58 డిగ్రీల దగ్గర ఎండలో 1.300 వోల్టులు, మూత పెడితే 1.015. 40 డిగ్రీల దగ్గర ఎండలో మళ్ళీ 1.300, మూత పెడితే 1.000. పైపైన చూస్తే వేడికి ఏమీ కాలేదు, రెండుసార్లూ 1.300. కానీ డార్క్ తీసేస్తే వేడిలో మిగిలింది 0.285, చల్లగా ఉన్నప్పుడు 0.300. సెన్సిటివిటీ ఐదు శాతం తగ్గింది, సున్నా 15 మిల్లీవోల్టులు పెరిగింది, ఒకటి రెండోదాన్ని దాచేసింది. 18 డిగ్రీలకు ఐదు శాతం అంటే డిగ్రీకి సుమారు మైనస్ 0.28 శాతం. దాన్ని 25 డిగ్రీలకు తెస్తే, 0.285ని 0.908తో భాగిస్తే 0.314, 0.300ని 0.958తో భాగిస్తే 0.313. రెండూ కలిశాయి. ఇంకో రోజు ఇదే మళ్ళీ చేసి అంకె నిలుస్తుందో లేదో చూడండి.

ఈ సవరణ మొదటి రెండు చోట్లకే మందు. అంచు జరగడం అనే మూడోదాన్ని ఇది సరిచేయదు. అదృష్టమో దురదృష్టమో, మీ సెన్సార్‌కు అది పెద్ద సమస్య కాదు, ఎందుకంటే ఎంఎల్ 8511 ఎక్కువగా చూసేది 365 నానోమీటర్ల ప్రాంతాన్ని, అంటే యూవీఏను. అక్కడ సూర్యకాంతి అంత నిటారుగా ఉండదు. కానీ అదే కారణంగా దానితో యూవీ ఇండెక్స్ లెక్కకట్టడం నాకు ఇష్టం లేదు. యూవీఏకు ఓజోన్‌తో దాదాపు సంబంధం లేదు, ఇండెక్స్‌కు ప్రాణం ఓజోనే. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు సరిపెట్టిన లెక్క సాయంత్రం నాలుగింటికి ఇండెక్స్‌ను ఎక్కువ చేసి చూపిస్తుంది. వేడి వల్ల వచ్చే ఐదు శాతం దీని ముందు చిన్నదే. మీ చార్టు మీద “యూవీ ఇండెక్స్” అని కాకుండా “యూవీఏ” అని రాస్తే నిజాయితీగా ఉంటుంది. ఎస్‌ఐ 1145 అనే మరో చిన్న సెన్సార్ కొనమని ఎవరైనా చెబితే, అది యూవీని కొలవదు, కనిపించే వెలుగు, ఇన్‌ఫ్రారెడ్‌ల నుంచి అంచనా వేస్తుంది. ఎండకు రంగు మారే కార్డులు కూడా మనలాంటి చోట పనికిరావు. ఎండకు నల్లబడే కళ్ళద్దాలు ఊటీలో బాగా నల్లబడి అనంతపురంలో అంతంతమాత్రంగా ఉండటానికి కారణమే వాటికీ: ఆ రసాయనం వేడిలో త్వరగా పాత రంగుకు తిరిగిపోతుంది.

ఇక ఖరీదైనవి. ఉష్ణోగ్రతను పట్టి ఉంచే యూవీ రేడియోమీటరు కొంటే తలనొప్పి పోతుందనుకుంటారు. చల్లటి దేశాల్లో పోతుంది. 45 డిగ్రీల దగ్గర హీటరుతో నిలబెట్టే పరికరం బయట 45 కంటే చల్లగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. హీటరు వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. మన మే నెలలో గాలే 42 ఉండి పరికరం మీద ఎండ పడుతుంటే లోపల 45 దాటిపోతుంది, ఇక అది మామూలు సెన్సారే. 25 దగ్గర పెల్టియర్‌తో (కరెంటుతో వేడిని ఒకవైపు నుంచి మరోవైపుకు తోసే పలకతో) చల్లబరిచేవి మేలు, కానీ అవి లోపలి వేడిని ఎక్కడికో తోయాలి. ఒళ్ళంతా కాగి ఉంటే అవీ చేతులెత్తేస్తాయి. కరెంటు కూడా ఎక్కువ తాగుతాయి. సాయంత్రం కరెంటు పోయి వస్తే లోపల మళ్ళీ 25కి వచ్చేదాకా డేటాను పక్కన పెట్టాలి. కాబట్టి కొనేవాళ్ళకు నా షరతు ఒకటే: లోపలి ఉష్ణోగ్రతను బయటికి చెప్పే తీగ ఉండాలి, దాన్ని కూడా రికార్డు చేయాలి. స్థిరంగా పట్టి ఉంచుతుందని బ్రోషర్‌లో ఉంటే సరిపోదు, అది అనంతపురంలో మే 10న మధ్యాహ్నం పట్టి ఉంచిందా అన్నది మీ ఫైలులో కనిపించాలి.

ఈ రకం మీటర్లలో తేమ కూడా ఉష్ణోగ్రత అంత పని చేస్తుంది. లోపల తేమ శాతం మారితే స్పందన వక్రరేఖ కదులుతుంది. అందుకే లోపల సిలికా జెల్ పెడతారు. రంగు మారగానే మార్చాలి. మన దగ్గర వేసవిలో మరిచిపోయినా నడుస్తుంది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నడవదు.

అన్నింటికన్నా పైన బ్రూవర్ లాంటి స్పెక్ట్రోఫోటోమీటర్లు. అవి ఒక్కో తరంగాన్ని విడిగా కొలుస్తాయి కాబట్టి అంచు జరిగే సమస్యను నేరుగా చూడగలవు. బ్రూవర్‌లో చిన్న పాదరస దీపం ఉంటుంది. దాని 302.15 నానోమీటర్ల గీతను రోజుకు చాలాసార్లు చూసి, వేడికి లోపలి భాగాలు ఎంత జరిగాయో అంత వెనక్కి లాగుతుంది. అయినా దాని యూవీ సెన్సిటివిటీ ఉష్ణోగ్రతతో మారుతుందని, ఆ సవరణ ఒక్కో పరికరానికి విడిగా కట్టాలని తేలింది. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ప్రపంచ యూవీ కాలిబ్రేషన్ కేంద్రం ఉంది, అక్కడికి మీటర్లను తీసుకెళ్ళి పోల్చుకుంటారు. అంత పెద్ద పరికరాలకే తప్పనిది మన చిన్న సెన్సార్‌కు ఎలా తప్పుతుంది?

మీ డబ్బాకు వద్దాం. ప్లాస్టిక్ జంక్షన్ బాక్సు తీసేసి అల్యూమినియంది పెట్టండి, లోపల వేడి ఒకచోట నిలవకుండా పంచుకుంటుంది. దానిపైన టెఫ్లాన్ మాత్రమే బయటికి కనిపించేలా, ఒక అంగుళం ఖాళీతో తెల్ల రంగు వేసిన రేకు పళ్ళెం గొడుగులా బిగించండి. ఆ పళ్ళెం టెఫ్లాన్ ముఖం కంటే కొంచెం కిందే ఉండాలి, లేకపోతే సాయంత్రపు ఎండకు అడ్డం వస్తుంది. తెల్ల రంగు యూవీని సెన్సార్ మీదికి తిప్పికొడుతుందేమో అని భయపడకండి. అందులో ఉండే టైటానియం డయాక్సైడ్ కనిపించే వెలుగును తిప్పికొడుతుంది గానీ యూవీని చాలావరకు మింగేస్తుంది. పెట్టెను స్లాబు మీద పెట్టకుండా ఒక మీటరు ఎత్తు పైపు మీదికి ఎక్కించండి. ఈ ఒక్క మార్పుతోనే ఒంటి ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా దిగొచ్చు, అప్పుడు సవరణ కూడా ఆ మేరకు తగ్గుతుంది. సవరణ ఎంత చిన్నదైతే అంత మంచిది. వానకు అడ్డుగా మామూలు గాజు గానీ అక్రిలిక్ గానీ పెట్టాలని చూడకండి, గాజు యూవీబీని ఆపేస్తుంది, అక్రిలిక్‌లో చాలా రకాలు యూవీ మొత్తాన్నే ఆపుతాయి. పెడితే క్వార్ట్జ్ పెట్టాలి, లేకపోతే టెఫ్లాన్‌నే సీలు చేసి వదిలేయండి. రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి. ఏప్రిల్‌లో రెండు రోజులు తుడవకపోతే పోయే శాతం కూడా తక్కువేమీ కాదు.

ముందు మట్టం చూసి, ఏడీసీ మార్చి, ఉష్ణోగ్రత తీగ అతికించి, తడి గుడ్డ పరీక్ష చేయండి. రెండు ఉష్ణోగ్రతలు, రెండు ఎండ రీడింగులు, రెండు డార్క్ రీడింగులు ఇక్కడ పెడితే లెక్క కలిసి చూద్దాం. వీలైతే డబ్బా ఫోటో కూడా పక్క నుంచి తీసి పెట్టండి. టెఫ్లాన్ డబ్బా అంచు కంటే లోతుగా కూర్చుని ఉందేమోనని నాకు అనుమానం. అలా ఉంటే సాయంత్రాలు, ఉదయాలు వేరే కథ.